వెనకవైపు మార్జిన్

ఆ రోజు పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. మబ్బు మిద్దెల మీదకి దిగి నిలబడింది గానీ చినుకు రాలలేదు. గాలి లేదు. మా ఊళ్ళో అయితే ఇలాంటి మబ్బుని చూసి విత్తనాల బుట్ట బయటికి తియ్యాలా వద్దా అని గడపలో నిలబడి తలలు గోక్కునేవాళ్ళం. ఇక్కడ మాది కాగితం బతుకు. తడి పేరెత్తితేనే ఉలికిపాటు.

పక్క ఊరికి వెళ్ళి రింగు ఫైళ్ళు తేవాలి. గట్టి అట్ట, లోపల వెన్ను దగ్గర తెరుచుకునే ఇనుప రింగులు ఉండే రకం. నేను తార్పాలిన్ మడిచి చంకలో పెట్టుకుంటుంటే మా అత్త గుమ్మం దాకా వచ్చింది.

"అల్లుడూ, త్వరగా వచ్చెయ్యి. నువ్వు లేకపోతే ఆ ఇద్దరి మధ్యా మాట నడవదు."

"వచ్చేస్తా అత్తా."

"నువ్వు వచ్చేస్తా అంటేనే నాకు భయం. దారిలో ఎక్కడ దుక్కి దున్నుతున్నా నిలబడి చూస్తావు."

నవ్వి ఊరుకున్నాను. అబద్ధమేం కాదు.

ఆ ఇద్దరూ అంటే ఆమె కొడుకులు. నా భార్యకి ఒకరు అన్న, ఒకరు తమ్ముడు. నాకు ఒకరు పెద్దబావ, ఇంకొకడు చిన్నాడు. ఇల్లు పైన, అచ్చు కొట్టు కింద. మా మామ పెట్టిన కొట్టు. ఆయన పోయాక ముందు గదిలో చిన్నాడి కంప్యూటర్ వచ్చింది. వెనక గదిలో పెద్దబావ అచ్చు మిషన్ ఉండిపోయింది. మధ్య గదిలో కాగితాలు కోసే కత్తి మిషన్, దాని వెనక నేను. నా భూమి పోయాక ఇల్లరికం వచ్చినవాణ్ణి. నన్ను కావాలనే మధ్యలో పెట్టారో, చోటు లేక పెట్టారో తెలీదు గానీ, ఆ ఇంట్లో ఏ మాటైనా నా మీదుగానే పోవాలి.

"బావా, ఆయన్ని అడుగు, రసీదు పుస్తకాలు అయ్యాయా లేక ఇంకా ధ్యానంలో ఉన్నాడా అని," అంటాడు చిన్నాడు, వెనక గదికి వినపడేలా.

"బావా, వాడికి చెప్పు, సిరా ఆరకుండా ఎత్తుకుపోతే వాడి చొక్కా మీదే రసీదు చదువుకోవాల్సి వస్తుందని," అంటాడు పెద్దబావ, ముందు గదికి వినపడేలా.

నేను ఎవరికీ ఏమీ చెప్పను. చెప్పక్కర్లేదు. కత్తి ఎత్తి దించుతాను. ఆ చప్పుడుతో మాట అందినట్టు లెక్క. మా ఆవిడ మాత్రం ఊరుకునేది కాదు. "నాగలి పట్టుకునే మనిషిని తెచ్చి టెలిఫోన్ స్తంభంలా పాతారు కదరా మీరిద్దరూ," అనేది. పెద్దబావ భార్య పక్కనే ఉంటే, "స్తంభమైనా గాలికి కాస్త మోగుతుంది వదినా, ఈ అన్నయ్య అదీ చెయ్యడు," అనేది. అప్పుడు మాత్రం రెండు గదుల్లోనూ నవ్వు వినపడేది, విడివిడిగా.

ఈ మౌనానికి మొదలు సీసపు అక్షరాలు. మామ కాలంలో ఒక్కో అక్షరం ఏరి, వరస పేర్చి అచ్చు వేసేవాళ్ళు. వాటి వాడకం ఎప్పుడో పోయింది. అయినా అరలు అరలుగా గోడ నిండా ఉండేవి. పెద్దబావ కళ్ళ ఆపరేషన్‌కి వెళ్ళినప్పుడు చిన్నాడు వాటన్నిటినీ పాత సామాన్ల బండికి ఎత్తేశాడు. కంప్యూటర్ బల్లకి చోటు కావాలి, ఇంకెక్కడా లేదు. అదీ నిజమే. పెద్దబావ కట్టు విప్పించుకొని ఇంటికొచ్చి, గోడ మీద అరల మచ్చలు తప్ప ఏమీ లేకపోవడం చూశాడు. మచ్చల మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. ఆ రోజు ఏమీ అనలేదు. మర్నాడూ అనలేదు. అనకపోవడం మొదలై, ఇక ఆగలేదు.

ఇలా ఉండగా ఆసుపత్రి పని వచ్చింది. ప్రతి వార్డులోనూ ఒక ఫైలు ఉండాలట. ఏ జబ్బుకి ఏ మందు, ఎంత, ఎవరికి ఇవ్వకూడదు, ఇచ్చాక ఏం చూసుకోవాలి, అన్నీ అందులో. నర్సు పరిగెత్తుకుంటూ వచ్చి తిప్పి చూసుకునే పేజీలు. పైనుంచి తనిఖీ వస్తోందని తొందర. పని తెచ్చిన మనిషిని అక్కడ అందరూ రికార్డుల మేడమ్ అంటారు. సన్నటి మనిషి. చేతిలో స్టీలు స్కేలు. మాట్లాడుతున్నంతసేపూ దాన్ని బల్ల మీద చిన్నగా కొడుతూ ఉంటుంది.

"పోయినసారి వేరేవాళ్ళు చేసిచ్చారు. చిల్లులు పొడిచేసరికి అక్షరాలు పోయాయి. ఒక్క అంకె చిల్లులో పోయినా జవాబు చెప్పుకోవాల్సింది నేను. మార్జిన్ జాగ్రత్త. వెనకవైపు మరీ జాగ్రత్త. ఈసారి బాగా చేస్తే ఇకమీదట మా పనంతా మీకే."

వెనకవైపు అని ఆవిడ ఊరికే అనలేదు. ఫైలులో పెట్టే కాగితానికి చిల్లుల పక్క ఖాళీ ఎక్కువ వదలాలి, గట్టు పక్కన నాగలి తిప్పుకోవడానికి వదిలినట్టు. ఒకవైపే అచ్చయితే చిక్కు లేదు. ఎడమ పక్క వెడల్పుగా వదిలేస్తే సరి. రెండువైపులా అచ్చయితే, కాగితం తిప్పగానే ఆ చిల్లుల పక్కే కుడిచేతికి వస్తుంది. అప్పుడు కూడా ఎడమ పక్కనే ఖాళీ వదిలితే, అక్షరాలు కుడికి జరిగి సరిగ్గా చిల్లుల కింద కూర్చుంటాయి.

మా కొట్టులో దీనికి మందు పెద్దబావ దగ్గర ఉండేది. చిన్నాడు కంప్యూటర్‌లో అన్ని పేజీలకీ ఎడమ పక్కనే ఖాళీ వదిలి, మిషన్‌కి బిగించే అచ్చు రేకులు, అదే ప్లేట్లు, చేసిచ్చేవాడు. వెనకవైపు అచ్చు వేసేటప్పుడు పెద్దబావ మిషన్ మీద కాగితాన్ని పక్కనుంచి ఆపే ఇనుప కమ్మిని జరిపేవాడు. కాగితం ఇటు జరిగితే అక్షరాలు అటు పోతాయి, చిల్లులకి చోటు మిగులుతుంది. మామ నేర్పిన పద్ధతి. దాని గురించి చిన్నాడు అడిగింది లేదు, పెద్దబావ చెప్పింది లేదు. పని సరిగా వస్తోంది, అంతే.

ఆ పనికి ఇంకో ముడి కూడా పడింది. ఎదురుగా వీధి అవతల కొత్త ప్రెస్సు పెట్టారు. ఆ యజమాని చిన్నాడిని రమ్మంటున్నాడు. చిన్నాడు వెళ్ళిపోతే ప్లేట్లు చేసిచ్చేవాడు లేడు. ప్లేటు లేకపోతే వెనక గది మిషన్ వట్టి ఇనుము. కొట్టు మూత. అత్త మెట్ల మీద చిన్నాడి చెయ్యి పట్టుకొని అడిగింది.

"ఈ ఆసుపత్రి పని ఇద్దరూ కలిసి చెయ్యండిరా. బాగా జరిగితే ఉండిపో. చెడిపోతే నీ ఇష్టం, నేను అడ్డం రాను."

"నేను బాగానే చేస్తానమ్మా. నాతో చేసేవాళ్ళు చెయ్యాలిగా."

"చేస్తాడు. నువ్వు మాటివ్వు ముందు."

"సరే."

మెట్ల కింద చీకట్లో పెద్దబావ నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. విననట్టే వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున నేను కిందికి వచ్చేసరికి మిషన్ రోలర్లన్నీ విప్పి, గుడ్డ పరిచి, పసిపిల్లలకి నీళ్ళు పోసినట్టు ఒక్కొక్కటే కడుగుతున్నాడు.

ఆయన కళ్ళు బాగుపడలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నమూనా కాగితం చేతికిస్తే, "ఇక్కడ వెలుతురు లేదు, అక్కడ పెట్టు," అనేవాడు. కమ్మిని జరిపేటప్పుడు దాని కింద గీసిన గీతల్ని చూసేవాడు కాదు, బొటనవేలి గోటితో తడిమేవాడు. అదృష్టం ఏమిటంటే ఆయన గోరు చాలామంది కళ్ళకంటే నయం. నేను ఎవరితోనూ అనలేదు. మనిషి దాచుకున్నది ఆ మనిషిదే.

ముందు వైపు పేజీలన్నీ ముందు రోజే అచ్చయ్యాయి. ఏ అచ్చుకైనా మొదటి కాగితాన్ని వెనక గది నుంచి ముందు గదికి మోసుకెళ్ళి చూపించేది నేనే. చిన్నాడు చూసి తల ఊపితే, వచ్చి మిషన్ మీద తట్టేవాణ్ణి. అప్పుడు మిషన్ ఊపందుకునేది. వెనకవైపు అచ్చు మిగిలింది. దానికి ప్లేట్లు ఇంకా కావాల్సి ఉన్నాయి. నేను ఫైళ్ళ కోసం బయల్దేరాను.

దారిలో ఎక్కడా నిలబడలేదు. వచ్చేటప్పుడు మాత్రం మబ్బు మనసు మార్చుకుంది. ఫైళ్ళ మీద తార్పాలిన్ కప్పి, నేను తడిసి, మధ్యాహ్నానికి కొట్టు చేరాను. మిషన్ ఆగిపోయి ఉంది. వెనక గదిలో పెద్దబావ చిల్లుల మిషన్ తొక్కుతూ కూనిరాగం తీస్తున్నాడు. ఆయన గొంతులో రాగం విని ఎంతకాలమైందో. గుమ్మంలోనే ఆగి విన్నాను.

"తడిసిపోయావా బావా? ముందు తుడుచుకో, కాగితాల మీద పడకు. అయిపోయింది పని. ఒక్క కాగితం వంకర పోలేదు. చూడు."

చూశాను. చిల్లులు నూలు పట్టి పొడిచినట్టున్నాయి. ముందు వైపు తెల్లటి ఖాళీ, దాని పక్కన నిటారుగా అక్షరాలు. అంత చక్కటి పని ఆ గదిలోంచి వచ్చి చాలాకాలమైంది. మిషన్ వైపు చూస్తే, కాగితాన్ని అదిమే సిలిండర్‌ని తుడిచిన గుడ్డ నల్లగా, తడిగా పడి ఉంది. అంత సిరా తుడవాల్సిన అవసరం ఏమొచ్చిందో నాకు అర్థం కాలేదు. కాగితం తిప్పాను.

వెనకవైపు ప్రతి వరసకీ తల లేదు.

ఎడమ అంచు దాటి అక్షరాలు బయటికి పోయాయి. బయటికి పోయినవి సిలిండర్‌కి అంటాయి, ఆయన ఆ సిరాని ఎక్కువైందనుకుని తుడుస్తూ పోయాడు. కుడి పక్కన, చిల్లుల దగ్గర, కళ్ళం ఊడ్చినంత ఖాళీ. ఇంకో కాగితం తిప్పాను. ఇంకొకటి. దొంతర మధ్యలోంచి లాగి చూశాను. అన్నీ అంతే.

"ఏంటి, మెచ్చుకోవడానికి కూడా మాట రాదా నీకు?" అన్నాడు పెద్దబావ.

"పెద్దబావా, కమ్మి జరిపావా?"

"జరపకపోతే ఎలా? వెనకవైపుకి ఎప్పుడూ జరిపేదేగా. ఈసారి మరీ జాగ్రత్తగా, గోటితో పదేపదే చూసుకున్నా. ఏం?"

ఆయన నా చేతిలోంచి కాగితం తీసుకుని అంచు మీద వేలు నడిపాడు. అచ్చు వేలికి తగలదు. కిటికీ దగ్గరికి వెళ్ళి కళ్ళ ముందుకి, ఇంకా ముందుకి తెచ్చుకున్నాడు. కూనిరాగం ఎక్కడ ఆగిందో నేను గమనించలేదు.

చిల్లుల మిషన్ చప్పుడు ఆగడం వినే చిన్నాడు వచ్చినట్టున్నాడు. వెనక గదిలో అడుగుపెట్టి చాలా ఏళ్ళైంది. దొంతర మీది కాగితం ఎత్తి తిప్పి చూశాడు. మొహం పాలిపోయింది.

"బావా, ఆయన్ని అడుగు. కమ్మి ఎందుకు కదిపాడు?"

"బావా, వాణ్ణి అడుగు. ప్లేటులో ఏం కెలికాడు?"

ఇద్దరూ నావైపే చూస్తున్నారు. అప్పటికి నాకు అర్థమైంది. ఆ కొట్టులో నేను మాట్లాడిన పెద్ద మాట అదే అనుకుంటాను.

"వాడు ఈసారి వెనక పేజీలకి ఖాళీని కంప్యూటర్‌లోనే కుడి పక్కకి మార్చాడు. నువ్వు ఎప్పట్లాగే కమ్మి జరిపావు. ఒకే తప్పుని ఇద్దరూ దిద్దారు. అది రెండింతలు జరిగి బయటపడింది. ఎవరి పని వాళ్ళు సరిగ్గానే చేశారు."

నేను చెప్పింది చల్లారుస్తుందనుకున్నాను. చిన్నాడు అన్నని చూశాడు. నన్ను కాదు, అన్నని.

"అన్నయ్యా, నీకు గీతలు కనపడట్లేదని నాకు తెలుసు."

పెద్దబావ కాగితం దించాడు. నా వైపు తిరిగాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"బావ చెప్పలేదు. ఎవరూ చెప్పక్కర్లేదు. గోటితో కమ్మి తడుముకుంటుంటే తలుపు సందులోంచి చూశా. ఈ పనిలో పొరపాటు పడితే నలుగురిలో నీ కళ్ళ సంగతి బయటపడుతుందని, నువ్వు కమ్మి ముట్టుకోనక్కర్లేకుండా నేనే నేర్చుకుని మార్చా. ముందు పేజీకి ఎడమ, వెనక పేజీకి కుడి."

"మరి చెప్పి చావచ్చుగా!"

"ఏమని చెప్పను? కమ్మి కదపకు, నీకు కనపడదు అని చెప్పనా?"

"నోరుంది కదా, చెప్పాలి."

"నీకు లేదా నోరు? ఒక్క కాగితం ముందుకి పంపితే సరిపోయేది. బావ లేకపోతే నీ కాళ్ళు పడిపోయాయా?"

"నీ కాళ్ళో?"

బయట వాన పెద్దదైంది. చూరు నీళ్ళు కిటికీ రేకు మీద పడుతున్నాయి. పెద్దబావ గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకుంటున్నాడు. అది సిరా గుడ్డ. తుడిచేకొద్దీ చేతులు నల్లబడుతున్నాయి, ఆయన చూసుకోలేదు.

"అయితే జాలిపడ్డావన్నమాట," అన్నాడు. "నాన్న అక్షరాలు బండికెత్తినప్పుడు కూడా ఇలాగే జాలిపడి ఎత్తావా? అన్నయ్య కళ్ళు సరిగా లేవు, ఏరుకోవడం కష్టం, పీడ వదిలిద్దాం అని?"

చిన్నాడి దవడ బిగుసుకుంది. వాడు మంచివాడు. మంచివాడికి కోపం వస్తే ఏ మాట ఎక్కడ తగులుతుందో వాడికే బాగా తెలుస్తుంది.

"ఏమో, నువ్వే కావాలని చేశావేమో. కంప్యూటర్ పని ఎందుకూ కొరగాదని మేడమ్ ముందు తేల్చడానికి. రోలర్లు కడిగింది కూడా అందుకేనేమో."

నాకు ఆ రోలర్లు, ఆ గుడ్డ, ఆ పొద్దున కళ్ళముందు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే రికార్డుల మేడమ్ గొడుగు విదిలిస్తూ లోపలికి వచ్చింది. మధ్యాహ్నానికి ఫైళ్ళు వచ్చేస్తాయని చిన్నాడు పొద్దున్నే కబురు చేశాడట. ఎవరూ కూర్చోమనలేదు. ఆవిడే కాగితం అందుకుంది. సంచిలోంచి స్కేలు తీసి వెనకవైపు పెట్టబోయి, పెట్టకుండానే మళ్ళీ సంచిలో వేసుకుంది.

"'మిల్లీగ్రాములు' అని ఉంది. ఎన్ని?"

వేలు కింది వరసకి జరిపింది.

"'ఇవ్వకూడదు' అని ఉంది. ఎవరికి?"

ఆవిడ కాగితాన్ని దొంతర మీద బోర్లించి పెట్టింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"రేపు మధ్యాహ్నం తనిఖీ. పొద్దుటికల్లా మళ్ళీ వేసివ్వగలరా? కాగితం నేను పంపిస్తాను. జరిగింది మనలోనే ఉంచుకుందాం. చెప్పండి."

నేను ఇద్దర్నీ చూశాను. ఒకరు ఊ అంటే ఇంకొకరు అంటారని ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. ఇక లాభం లేదని నేనే అన్నాను.

"ఇస్తాం మేడమ్."

"ఇస్తాం," అన్నాడు చిన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. వాడు అక్కడే ఆగి ఉంటే కథ ఇంకోలా ఉండేది. "మిషన్ మీద బావ నిలబడతాడు. ఆయన కాస్త విశ్రాంతి తీసుకుంటాడు."

వాడు అది దెప్పిపొడవడానికి అనలేదు. ఇప్పటికీ నా నమ్మకం అదే. అన్నని కాపాడుతున్నాననే అనుకున్నాడు. పెద్దబావ గుడ్డని మడిచి, మిషన్ మూల మీద పెట్టాడు.

"ఈ మిషన్ మా నాన్నది. దీని ముందు నేను తప్ప ఎవడూ నిలబడడు."

"అన్నయ్యా, పరువు మాట కాదిది. రోగుల మాట."

"నేనే నిలబడతా. లేకపోతే అది నడవదు."

"అయితే నేను ప్లేటు చెయ్యను."

"చెయ్యకు."

మేడమ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత నన్ను చూసింది, ఈ ఇంట్లో తెలివైనవాడెవడైనా ఉన్నాడా అన్నట్టు. నేను తల దించుకున్నాను.

"మీరిద్దరూ తేల్చుకునేదాకా నా వార్డులు ఆగవు బాబూ," అంది. అచ్చు వెయ్యాల్సిన అసలు ప్రతిని అడిగి తీసుకుంది. గొడుగు విప్పుకుని మెట్లు దిగింది. మేం ముగ్గురం గుమ్మంలో నిలబడి చూశాం. కొట్టు మెట్ల దగ్గర నిలిచిన నీళ్ళని చూసి చీర కాస్త పైకెత్తుకుని, ఎదురు ప్రెస్సు వైపు నడిచింది. వాళ్ళు ఆవిడకి కుర్చీ తుడిచి వేసినట్టు కనిపించింది.

పైకి వెళ్ళేసరికి ఆడవాళ్ళకి అంతా తెలిసిపోయింది. ఆ ఇంటి గచ్చు పలచన. చిన్నాడి భార్య కొంగుతో ముక్కు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"పొద్దున ఈయన ప్లేట్లు పట్టుకుని వెనక గది తలుపు దాకా వెళ్ళారు అన్నయ్యా. నేను పై మెట్టు మీంచి చూశా. తలుపు మీద చెయ్యి కూడా పెట్టారు. తీసేసి, ప్లేట్లు గుమ్మంలో పెట్టి వచ్చేశారు. ఏమైందండీ అంటే, చూసుకుంటాడులే, అన్నీ తెలిసినోడు, అన్నారు."

పెద్దబావ భార్య పొయ్యి దగ్గర్నుంచి కదలకుండానే అంది. "మా ఆయనా అంతే. మధ్యలో ఓసారి కాగితం పట్టుకుని ముందు గదికి బయల్దేరి, బావ వచ్చాక పంపుదాంలే అని మళ్ళీ లోపలికి పోయాడు. వడివడిగా పని చేసేస్తే తమ్ముడు సంతోషిస్తాడని ఆయన లెక్క."

మా ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. జోకు కూడా వెయ్యలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

అత్త కిటికీ పక్కన కూర్చుని ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చుని, కమ్మి సంగతి, ప్లేటు సంగతి, కళ్ళ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. మామతో కలిసి అదే కొట్టులో కాగితాలు మడిచిన మనిషి. రెండోసారి చెప్పించుకోలేదు.

"అంటే ఇద్దరూ మంచికే చేశారా?"

"అవునత్తా."

"నిజం చెప్పు. నన్ను ఊరడించడానికి అంటున్నావా?"

"నాకు ఊరడించడం చేతకాదుగా."

"చెడుకి చేసి ఉంటే బాగుండేది అల్లుడూ. తిట్టేదాన్ని. కాళ్ళు పట్టుకొనైనా సర్దేదాన్ని. మంచికి చేసినవాళ్ళకి ఏం చెప్పను? ఇద్దరిదీ న్యాయమే. ఇక ఎవరు తగ్గుతారు?"

కింద తీగలు ఊడదీస్తున్న చప్పుడు వినిపించింది. దిగి చూస్తే చిన్నాడు కంప్యూటర్‌ని దుప్పట్లో చుడుతున్నాడు. వద్దని ఒక మాట అనబోయాను.

"ఏం అనకు బావా. అమ్మకి మాటిచ్చా. బాగా జరిగితే ఉంటానన్నా. చెడిపోయింది. రేపు అటు పోతున్నా." ముడి వేసి అన్నాడు. "వాళ్ళు మేడమ్ పని మొదలుపెట్టి ఉంటారు. ఆ ప్లేట్లు నేనే చెయ్యాలి కాబోలు."

వెనక గదిలో పెద్దబావ లైటు వెయ్యకుండా స్టూలు మీద కూర్చున్నాడు. ముందు పాడైన కాగితాల దొంతర, ముందు వైపు పైకి ఉండేలా సర్ది పెట్టి ఉంది. అంచులు తట్టి సమం చేశాడు. పనికిరాని కాగితమైనా ఆయన చేతుల్లో వంకరగా ఉండదు.

"బావా," అన్నాడు నన్ను చూడకుండా. అడుగుల చప్పుడుతోనే పోల్చుకున్నాడు. "వాడు అన్నయ్యా అన్నాడు కదూ?"

"అన్నాడు."

"అదీ నా గుడ్డితనం చెప్పడానికే అనాల్సొచ్చింది వాడికి."

దొంతరలో సగం నేను ఎత్తుకున్నాను, సగం ఆయన ఎత్తుకున్నాడు. తూకానికి వేసే కాగితాల మూలకి చేర్చాం. ఇక ఆ గదిలో చెయ్యాల్సిన పనేదీ కనిపించలేదు.

చీకటి పడుతుండగా అత్త మెట్ల మీంచి పిలిచింది. పేర్లు పెట్టి కాదు. "రండి, తిందురు గానీ," అని ఒక్క కేక. ఆ అన్నదమ్ములు మాటలు మానేసినప్పట్నుంచీ పైన రెండు పొయ్యిలు, రెండు వేళలు. ఆ పూట ఆమె ఒక్కటే వెలిగించి, ఇద్దరు కోడళ్ళనీ కూతుర్నీ పక్కన పెట్టుకుని వండింది. ఎవరూ కాదనలేదు. కాదనడానికి మాట ఖర్చు పెట్టాలి కదా.

అందరం ఒకే గదిలో కూర్చున్నాం. చోటు చాలక అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చోవాల్సి వచ్చింది. అన్నం, కూర, మజ్జిగ. పెద్దబావ వేళ్ళ సందుల్లో సిరా ఇంకా ఉంది. కంచంలో ఏది ఎక్కడుందో వేలితో చూసుకుని కలుపుకున్నాడు. ఇక దాచే అవసరం లేదు గనక మెల్లగా, నిదానంగా చూసుకున్నాడు. చిన్నాడు చూశాడు. తన కంచంలోకి తల దించుకున్నాడు. వాడు ముద్ద చేస్తే చిన్నప్పట్నుంచీ చిన్న ముద్దే అని మా ఆవిడ అంటూ ఉండేది. ఆ పూట అంత చిన్న ముద్దని కూడా మళ్ళీ సగం చేసుకుని తిన్నాడు.

వాన వెలిసింది. వీధి అవతల ప్రెస్సులో మిషన్ తిరుగుతున్న చప్పుడు కిటికీలోంచి వస్తోంది. పెద్దబావ ఒకసారి నమలడం ఆపి విన్నాడు. మళ్ళీ నమిలాడు.

అత్త గరిట పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా ఆగింది. ఎవరూ చాలని చెయ్యి అడ్డం పెట్టలేదు, ఎవరూ వెయ్యమని అడగలేదు. అందరికీ మారు వడ్డించి తనూ వచ్చి కూర్చుంది. అందరం తిన్నాం.